అరచేతులు ఆనే చోటు

ఆదివారం. పొద్దున్న ఏడు గంటలు. దివాను మీది దుప్పట్లు ఇంకా మడత పెట్టలేదు. మా అత్తయ్య కుర్చీలో కూర్చుని ముగ్గు డబ్బా నా చేతికిస్తున్నారు.

"కాగితం మీద గీస్తే ఏం తెలుస్తుందమ్మా? నేల మీద గియ్యి. కాళ్ళకు అడ్డమో కాదో అప్పుడు తెలుస్తుంది."

మా ఆయన టేపు ఒక కొసను గోడకు అదిమి పట్టుకున్నారు. నేను వంగి ముగ్గు పోస్తున్నాను. మలక్‌పేటలో మేం అద్దెకుంటున్న ఈ ఇంటి హాలు 10 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు. దివాను, టీవీ, చెప్పుల స్టాండు, పాప సైకిలు పోగా మిగిలింది వంటింటి గుమ్మం పక్కన 5 అడుగుల గోడ. దాన్ని ఆనుకుని 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున తెల్లటి గీత. మోచేతులు తగలకుండా మనిషికి 2 అడుగుల అంచు చొప్పున, నలుగురికి సరిపోయే భోజనాల బల్ల.

"పట్టేసింది!" అంటోంది పాప.

ఆయన ఒక కుర్చీ తెచ్చి గీత పక్కన వేసుకుని కూర్చున్నారు. లేవబోతూ కుర్చీని వెనక్కి జరిపారు. దాని వెనక కాళ్ళు గీతకు రెండున్నర అడుగుల అవతల ఆగాయి. అక్కడ ఇంకో గీత గీశాను. పాప వంటింట్లోంచి గిన్నె మోసుకొస్తున్నట్టు నడిచొచ్చి కుర్చీ దగ్గర ఆగిపోయింది. బల్ల రెండున్నర అడుగులే, తినేవాళ్ళతో కలిస్తే 5 అడుగులు. ఈ రెండో గీత దుకాణంలో కనపడదు. ఇంత చోటు రోజంతా వదులుకోవడం మా వల్ల కాదు. పాప రంగులూ పుస్తకాలూ, వేసవిలో ఆరబెట్టే వడియాల గుడ్డా అన్నీ ఈ నేల మీదే. మడిచే బల్లే కావాలి.

మడిచి పెట్టే అలవాటు మాకు కొత్త కాదు. వంటింటి తలుపు వెనక గోడకు ఆనించి పనసచెక్క పీట ఉంది, కోనసీమ నుంచి అత్తయ్యతో వచ్చింది. భోజనం వేళకు పీట వాల్చడం, అయ్యాక మళ్ళీ గోడకు చేర్చడం. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది. రెండు నెలల కిందట ఆవిడ రెండు మోకీళ్ళకూ ఆపరేషన్ అయింది. నేల మీద కూర్చోవద్దన్నారు డాక్టరు. అప్పట్నుంచి దివాను అంచున కూర్చుని, కంచం ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. ఒళ్ళోని కంచంలో చారన్నం నిలవదు. వారం నుంచి "చారు వద్దులేమ్మా" అంటున్నారు. చారు లేనిదే ముద్ద దిగని మనిషి. నేను ఈ బల్ల కోసం పట్టుబట్టింది అందుకే.

పదకొండు దాటింది. కాచిగూడలో ఫర్నిచర్ దుకాణం. గుమ్మం దాటగానే పాలిష్ వాసన ముక్కుకు తగులుతోంది. మంచాల మధ్య సందులోంచి అత్తయ్య చేతికర్రతో నెమ్మదిగా వస్తున్నారు. దుకాణంలో కుర్రాడు గోడకు బిగించే రకం చూపిస్తున్నాడు. చెక్క పలకను పైకెత్తాడు, కింద బ్రాకెట్లు టక్కున పడ్డాయి. మడిస్తే 3 అంగుళాలకు మించదు.

"50 కిలోలు పెట్టుండ్రి అమ్మా, ఏం కాదు."

"ఏ గోడకు?" అని అడుగుతున్నాను. ఇక్కడ దాన్ని ఇనుప చట్రానికి బోల్టులతో బిగించారు. మాది నాలుగంగుళాల ఇటుక గోడ, అవతల వైపు సింకు పైపు.

ఇంతలో అత్తయ్య ఆ పలక ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాసేపు కాళ్ళు చాపుకున్నారు. తర్వాత రెండు అరచేతులూ పలక అంచున మోపి, భారమంతా వాటి మీద వేసి లేచారు. పలక కిర్రుమంది.

ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఆవిడ పరీక్షించాలని చేసింది కాదు. రెండు నెలలుగా ఆవిడ లేస్తున్నదే అలా. ప్లాస్టిక్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతే దాని కాళ్ళు టైల్స్ మీద విచ్చుకుంటాయి, అందుకే ఎదురుగా ఏదుంటే దాన్ని ఆసరా చేసుకుంటారు. పలక మీద గోడ దగ్గరగా పెట్టిన బరువు వేరు, గోడకు 2 అడుగుల దూరాన అంచు మీద మోపిన బరువు వేరు. పిల్లలు తలుపు పట్టుకుని వేలాడితే ముందు పై బందే ఊడుతుంది. ఇక్కడా అంతే, ఆ తూకమంతా గోడలోని పై మరలను బయటికి లాగుతుంది. ఎంత సన్నగా మడుచుకుంటుంది అని అడుగుతూ వచ్చాను ఇందాకటిదాకా. అడగాల్సింది ఆ అరచేతులు ఎక్కడ ఆనుతాయని.

పక్క వరసలో ప్లాస్టిక్ పలక, ఇనుప గొట్టం కాళ్ళ బల్లలున్నాయి. సూట్‌కేసులా రెండుగా మడిచి మంచం కిందికి తోసేయొచ్చు. బంధువులొచ్చినప్పుడు మంచివే. కానీ రోజుకు మూడు పూటలా మంచం కింద నుంచి ఎవరు లాగుతారు? వద్దనుకున్నాం.

సాయంత్రం హైటెక్ సిటీలో ఐకియా. మన దేశంలో వాళ్ళ మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న తెరిచింది ఇక్కడే. నోర్డెన్ అనే బల్ల నాకు ముందే తెలుసు. మధ్య భాగం 26 సెంటీమీటర్లే. ఒక రెక్క ఎత్తితే 89, రెండోదీ ఎత్తితే 152. రెక్క ఎత్తి, దాని కింద కాలును తలుపులా బయటికి తిప్పి ఆనించాలి. ఆ కాలు తిరిగే తీరు నాకు ఎంతో నచ్చింది, బరువు గోడ మీద కాక నేల మీద పడుతుంది. మధ్య భాగంలో ఆరు సొరుగులు కూడా. ఇద్దరే ఉండే ఇంటికి అదే కొనమంటాను. కానీ గట్టిగా కదలకుండా ఉండేది మధ్య భాగం, అక్కడ సొరుగులున్నాయి కాబట్టి మోకాళ్ళు దూరవు. అత్తయ్య రెక్క దగ్గరే కూర్చోవాలి. నేను రెక్క మూల మీద చెయ్యి వేసి నొక్కి చూస్తున్నాను. కాలు ఆనిన చోట రాయిలా ఉంది, మూలన కొంచెం దిగుతోంది.

మర్నాడు మా వీధి చివర వడ్రంగి షెడ్డు. కాళ్ళ కింద రంపంపొట్టు మెత్తగా నలుగుతోంది. మేస్త్రీ నా మాటలన్నీ విని, చెవి మీది పెన్సిలు తీసి చెక్కముక్క మీద గీస్తున్నాడు.

"ఒక్క కాలైతే రెక్క నడుమ ఆపుతది, మూల మీద బరువేస్తే ఊగుతది. రెండు కాళ్ళు పెడ్త, రెండు మూలలకు. గోడ పక్కన 14 అంగుళాల పలక కదలకుండ ఉంటది. రెక్క 18 అంగుళాలు. పొడవు 4 అడుగులు."

మొత్తం 32 అంగుళాలు. ముగ్గు గీత కంటే 2 అంగుళాలు ఎక్కువ. మడిస్తే 14. ఆ 14 అంగుళాల మీద మంచినీళ్ళ సీసా, ఆవకాయ జాడీ ఎప్పుడూ అక్కడే ఉండొచ్చు. బల్లంతా ఖాళీ చేస్తేనే మడవగలం అంటే రెండో వారానికి మడవడం మానేస్తాం.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర వేలితో చూపిస్తున్నాడు, నీళ్ళకు తట్టుకునే రకం. ఎండీఎఫ్ అయితే ధర తగ్గుతుంది, కానీ రోజూ తడిగుడ్డ తగిలే అంచు ఏదో ఒక చోట నీళ్ళు తాగి ఉబ్బుతుంది. 19 మిల్లీమీటర్ల మందం కావాలన్నాను. ఆ రెక్క బాగా తూగుతుంది, పాప ఒక్కతే ఎత్తకూడదు. రెక్కా పలకా కలిసే చోట రెంటికీ టేకు పట్టీ వేసి, పలక అంచును గుండ్రంగా, రెక్క అంచును దానికి సరిపడా లోపలికి చెక్కుతానన్నాడు. అలా చేస్తే దించినప్పుడూ బందు బయటపడదు, ఎత్తినప్పుడూ సందు మిగలదు. పప్పూ మెతుకులూ చేరేది ఆ సందులోనే.

"ఎత్తు?"

29 అంగుళాలన్నాను. కుర్చీ కూడా అతనే చేస్తాడు, కాళ్ళు జారకుండా రబ్బరు బుడిపెలతో. కూర్చునే ఎత్తు 19. బల్ల కింది అడ్డపట్టీ తొడలకు తగలకూడదు.

పన్నెండో రోజు రాత్రి. వార్నిష్ వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన రెక్క ఎత్తి పట్టుకున్నారు, నేను ఒక కాలు, పాప ఇంకో కాలు బయటికి తిప్పాం. అత్తయ్య వంటింటి వైపు కొసన కూర్చున్నారు. వంకాయ కూర, చారు. ఆవిడ అన్నంలో గుంట చేసి గరిటెడు చారు పోసుకున్నారు. ఇంకో గరిటె. కంచం కదలలేదు. ముంజేతి మీదికి కారిన చుక్కను తుడుచుకుని మళ్ళీ కలుపుకుంటున్నారు.

తినడం అయింది. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. కంచం ఎడంగా పెట్టి, ఎడమ అరచెయ్యి పలక మీద, కడిగిన కుడి అరచెయ్యి రెక్క మూల మీద ఆనించారు. నేను లేవబోయాను.

"ఉండమ్మా" అని తనే లేచి నిలబడ్డారు. "పెరుగు ఎవరికి వెయ్యను?"