పొగమంచులో నిలిచిన బండి

బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరుకు సాగే 44వ జాతీయ రహదారి ఒకప్పటి 7వ నంబరు రహదారి. గుడిబండ తాలూకా సోమేనహళ్ళి పరిసర గ్రామాల ప్రజలకు రాజధానికి పోవు ప్రధాన మార్గమిదే.

2023 అక్టోబరు 26 ఉదయం, విజయదశమి గడిచిన రెండవ రోజున, చిక్కబళ్ళాపురం వద్ద ఈ రహదారిపై ఆగివున్న ట్యాంకరును వెనుకనుండి టాటా సుమో ఢీకొనగా 13 మంది మరణించారు. మృతులలో ఆంధ్రప్రదేశ్‌ నుండి బెంగళూరుకు కూలిపనులకై పోతున్నవారున్నారు. ఆనాడు దట్టమైన పొగమంచు కమ్ముకొని ఉంది.

నేరం మంచుమీదికి నెట్టడం సులభం. కాని ఈ కొండసీమలో మంచు ఏటా వచ్చేదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 22 మీటర్లు సాగుతుంది. ఎదుటి ఆటంకాన్ని గుర్తించి బ్రేకు తొక్కేలోగానే దాదాపు అంత దూరం గడిచిపోతుంది. పూర్తిగా ఆగడానికి మరి 30 మీటర్లకు పైగా కావలెను. దారి 40 మీటర్ల మేరకే కనబడుతున్నపుడు ఆ వేగం నిర్లక్ష్యమే అవుతుంది.

వేగాన్ని నిందించినంతగా బండి నిలిపే తీరును ఎవరూ నిందించరు. ఇతరులకు అపాయం కలిగేలా బహిరంగ స్థలంలో వాహనాన్ని విడువరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను నిషేధిస్తున్నది. చెడిపోయిన లారీ వెనుక ఎర్రని రిఫ్లెక్టరు త్రికోణానికి బదులు రాళ్ళు, చెట్టుకొమ్మలు పేర్చడం మనవైపు వాడుక. మంచులో అవీ కనబడవు. బండి కదలిపోయిన పిదప ఆ రాళ్ళు దారిమీదనే మిగులుతాయి.