గేదె పాలు, మొక్కల పాలు: పోలిక

పల్నాడు జిల్లా శావల్యాపురం మండలంలో, ఆంధ్రప్రదేశ్‌లోని చాలా పల్లెల్లాగే, పాలంటే ముఖ్యంగా గేదె పాలే. సోయా, బాదం, ఓట్స్, కొబ్బరి వంటి వాటి నుంచి తీసే పానీయాలను మొక్కల పాలు అంటారు. వీటిని పాల పేరుతో అమ్మరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో ఆదేశించింది. కొబ్బరి పాలకు మినహాయింపు ఉంది.

పోషకాలు: 100 గ్రాముల గేదె పాలలో సుమారు 3.7 గ్రాముల మాంసకృత్తులు, 6.5 గ్రాముల కొవ్వు, 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మాంసకృత్తుల్లో వీటికి దగ్గరగా వచ్చేది సోయా పాలు. బజారులో దొరికే బాదం పాలలో అవి ఒక గ్రాము వరకే ఉంటాయి. మొక్కల పాలలో సహజంగా బి12 విటమిన్ ఉండదు, విడిగా కలపాలి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ పడనివారికి మొక్కల పాలు అనుకూలం. అయితే సోయా, బాదం కొందరికి అలర్జీ కలిగిస్తాయి.

పర్యావరణం: 2018లో పూర్, నెమెచెక్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం లీటరు ఆవు పాలకు ప్రపంచ సగటున సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడతాయి, సోయా పాలకు దాదాపు ఒక కిలో. బాదం సాగుకు నీరు ఎక్కువ కావాలి. నెమరు వేసే పశువుల కడుపులో మేత పులిసి మీథేన్ వెలువడుతుంది. అయితే వరిగడ్డి, చొప్ప మేసి పొలానికి పేడ ఎరువునిచ్చే ఇంటి గేదెకు ప్రపంచ సగటు లెక్కలు యథాతథంగా వర్తించవు.

ఏడాది లోపు పసిపిల్లలకు తల్లిపాల బదులు ఈ రెండు రకాల్లో ఏదీ పనికిరాదు.