హాలిఫాక్స్ పట్టణం: రాళ్ల పునరుద్ధరణ, ఒక తల్లి మ్రొక్కుబడి

తీతు 3:5లో మన తెలుగు బైబిలు 'పునర్జన్మ' అన్న చోట ఆంగ్ల బైబిలులో 'రీజెనరేషన్' అనే మాట ఉంది. మూతపడిన మిల్లు పట్టణాలను బాగుచేసే పనికి ఇంగ్లండు పాలకులు వాడేది కూడా ఈ మాటే. ఒక పట్టణం తిరిగి జన్మించిందని మనము ఎప్పుడు చెప్పగలము? వెస్ట్ యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ చరిత్ర ఆధారముగా ఈ ప్రశ్నను పరిశీలించుట మా ఉద్దేశము.

హాలిఫాక్స్ కొండల మధ్య వెలసిన ఉన్ని బట్టల పట్టణం. చుట్టుపక్కల గ్రామాల నేతగాళ్లు ఇంటి మగ్గాలపై నేసిన తానులను అమ్ముకొనుటకు 1779 జనవరి 1న ఇక్కడ పీస్ హాల్ ప్రారంభమైంది. విశాలమైన ముంగిలి చుట్టూ 315 గదులున్న రాతి కట్టడమిది. 'పీస్' అంటే తాను. దానికి కొద్ది సంవత్సరాల ముందే, 1772లో, పక్క స్థలములో స్క్వేర్ చాపెల్ కట్టబడింది. అక్కడి బోధకుడు టైటస్ నైట్ ఒకప్పుడు బొగ్గుగని కార్మికుడు. సంతా సంఘమూ ఇక్కడ ఇరుగుపొరుగుగా పెరిగాయి.

ఆవిరి యంత్రాల మిల్లులు రావడంతో ఇంటి మగ్గము వెనుకబడింది, పీస్ హాల్ వ్యాపారము సన్నగిల్లింది. 1803లో జాన్ క్రాస్లీ డీన్ క్లఫ్ అనే చోట మిల్లు చేపట్టాడు. ఆయన భార్య మార్తా తెల్లవారుజామున నాలుగు గంటలకు మిల్లు ఆవరణలోనికి పనికి వెళ్తూ, దేవుడు ఈ స్థలములో తమను ఆశీర్వదిస్తే బీదలకు అందులో పాలు దొరుకుతుందని మ్రొక్కుకున్నదట. ఈ సంగతిని తరువాత ఆమె కుమారుడు ఫ్రాన్సిస్ బహిరంగముగా చెప్పాడు. తమ వృద్ధికి ఆ మ్రొక్కుబడియే కారణమని ఆయన నమ్మకము. కాలక్రమంలో డీన్ క్లఫ్ ప్రపంచములోని అతి పెద్ద తివాచీ కర్మాగారాలలో ఒకటిగా పెరిగింది. దాదాపు 5,000 మంది అక్కడ పని చేశారు.

కుమారులు తల్లి మాటను మరువలేదు. 1857లో ఫ్రాన్సిస్ పట్టణ ప్రజలకు పీపుల్స్ పార్కును కానుకగా ఇచ్చాడు. అనాథాశ్రమము, వృద్ధులకు ఇండ్లు కట్టబడ్డాయి. 1864లో వ్యాపారము లిమిటెడ్ కంపెనీగా మారినప్పుడు కార్మికులకు కూడా వాటాలిచ్చారు. క్రాస్లీలు కాంగ్రిగేషనల్ సంఘస్థులు. విశాఖపట్నం, కడప, గుత్తి ప్రాంతాలకు సువార్తికులను పంపిన లండన్ మిషనరీ సొసైటీకి వెన్నెముకగా నిలిచినవి ఇంగ్లండులోని ఆ శాఖ సంఘాలే.

అయితే దీనిని బంగారు యుగమని పొగడలేము. 1842 ఆగస్టులో కూలి తగ్గింపును ప్రతిఘటిస్తూ, ఓటు హక్కు కోరుతూ వచ్చిన సమ్మెకారులు బాయిలర్ల బిరడాలు లాగి మిల్లులను ఆపినప్పుడు, హాలిఫాక్స్ వీధుల్లో సైనికులు కాల్పులు జరిపారు. యజమాని దానధర్మము కార్మికుని హక్కుకు బదులు కాజాలదు.

ఇరవయ్యవ శతాబ్దములో వస్త్ర పరిశ్రమ కుంగింది. పాకిస్తాన్ నుండి, ముఖ్యంగా మీర్‌పూర్ ప్రాంతము నుండి, మిల్లు పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. 1982లో డీన్ క్లఫ్ మూతపడింది. మరుసటి సంవత్సరము ఎర్నెస్ట్ హాల్ అనే వస్త్ర వ్యాపారి, పియానో విద్వాంసుడు, తన భాగస్వాములతో దానిని కొని కార్యాలయాలకు, చిత్రశాలలకు, నాటకశాలకు తెరిచాడు. 1871 నుండి వంద సంవత్సరాలు కూరగాయల టోకు మార్కెట్టుగా ఉన్న పీస్ హాల్, భారీ మరమ్మతుల తరువాత 2017 ఆగస్టు 1న తిరిగి తెరువబడింది.

ఆరాధన స్థలాల సంగతి ఏమిటి? స్క్వేర్ చాపెల్ కళాకేంద్రమైంది. దాని పక్కనే 1857లో కట్టిన స్క్వేర్ చర్చి 1970వ దశకంలో కూల్చబడి, గోపురం మాత్రం మిగిలింది. 2017లో తెరిచిన కేంద్ర గ్రంథాలయము ఆ గోపురాన్ని తనలో కలుపుకొని నిలిచింది. చూపరులకు అది అందమే, మనకు మాత్రము హెచ్చరిక.

రాళ్లు లేచాయి, సందర్శకులు వస్తున్నారు, పనులు కొంత దొరికాయి. ఇది మేలే. కాని 2019 ప్రభుత్వ సూచికల ప్రకారము ఆ పట్టణములోని కొన్ని పేటలు ఇంగ్లండులోని మిక్కిలి వెనుకబడిన పదింట ఒక వంతు ప్రాంతాలలో ఉన్నాయి. యెరూషలేము గోడ లేస్తున్న వేళ అప్పులలో చిక్కిన బీదల మొర నెహెమ్యా చెవిని పడింది (నెహెమ్యా 5). అతడు గోడ పని చాలని ఊరుకోలేదు, వడ్డీ తీసుకొనే ప్రధానులను నిలదీశాడు.

మార్తా క్రాస్లీ కొలత అదే. కట్టడము ఎంత ఎత్తు లేచింది అని కాదు, బీదలకు అందులో పాలు దొరికిందా అని. పాత మందిరము కూల్చి కొత్తది కట్టాలని లెక్కలు వేసుకొనే మన సంఘ కమిటీలు కూడా పునాది వేయకముందే ఆ తల్లి ప్రశ్నను వేసుకొనుట మంచిది.