పెట్రోల్లో కిరసనాయిలు: ఒక కల్తీ చరిత్ర, ఇద్దరు అధికారుల ప్రాణాలు

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది బండి ఉన్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే సమస్య. బంకులో పెట్రోల్ కొట్టించుకుని బయటికొస్తాం. నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి ఇంజన్ ఎగిరెగిరి పడుతుంది, లాగడం మానేస్తుంది, ఆఖరికి ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి చూసి, "పెట్రోల్ బాలేదు సార్" అంటాడు. ఆ ఒక్క మాట వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది.

ఇది సామాన్యులకే జరుగుతుందనుకోకండి. 2025 జూన్ చివర్లో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ముఖ్యమంత్రి కాన్వాయ్ కోసం సిద్ధం చేసిన 19 కార్లు బంకులో డీజిల్ పోయించుకున్న కాసేపటికే వరసగా ఆగిపోయాయి. వాటిని చేతులతో తోసి పక్కన పెట్టాల్సి వచ్చింది. ట్యాంకులు విప్పి చూస్తే డీజిల్‌తో పాటు నీళ్ళు. అది డీజిల్, మన విషయం పెట్రోల్. అయినా పాఠం ఒక్కటే. ట్యాంకులో ఏం పోస్తున్నారో కొనేవాడికి కనిపించదు. మనం మీటర్ మీద సున్నా చూస్తాం, డబ్బులిస్తాం, నమ్మి వెళ్ళిపోతాం.

ఈ నమ్మకాన్ని మన దేశంలో ఎక్కువకాలం దెబ్బతీసిన వస్తువు ఒకటుంది. కిరసనాయిలు.

కాస్త వెనక్కి వెళదాం. కరెంటు లేని ఇంట్లో లాంతరు, గ్యాసు లేని ఇంట్లో పంపు స్టవ్వు, ఈ రెండింటికీ కిరసనాయిలే ఆధారం. అందుకే ప్రభుత్వం దాన్ని రేషన్ షాపులో బాగా తక్కువ ధరకి ఇచ్చేది. నెలకోసారి డబ్బా పట్టుకుని క్యూలో నిలబడ్డ జ్ఞాపకం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ నూనె నీలంగా ఉండేది. అది దాని సహజమైన రంగు కాదు. ఇది పేదల కోటా సరుకు, ఇంకెక్కడైనా కనబడితే దొంగ సరుకు అని తెలియడం కోసం ప్రభుత్వమే రంగు కలిపేది.

ఇప్పుడు ధరలు చూడండి. 2005లో ఢిల్లీలో రేషన్ కిరసనాయిలు లీటరు 9 రూపాయల చిల్లర. అదే ఏడాది చివర్లో అక్కడే పెట్రోల్ 43 రూపాయల పైన. తేడా సుమారు 34 రూపాయలు. 12,000 లీటర్ల ట్యాంకర్లో ఐదో వంతు, అంటే 2,400 లీటర్లు కిరసనాయిలు కలిపారనుకోండి. ఒక్క ట్యాంకర్ మీద 80 వేల రూపాయల పైన లాభం. ఇది నేను వేసిన లెక్క. బ్లాకులో కొనే ధర, మధ్యవాళ్ళ వాటాలు తీసేస్తే కొంత తగ్గుతుంది. అయినా ఎంత మిగులుతుందో ఆలోచించండి.

మరి కిరసనాయిలు కలిస్తే ఇంజన్ వెంటనే ఆగిపోదా? ఆగదు. మోసం అక్కడే పండింది. మన పల్లెల్లో పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చే నీళ్ళ ఇంజన్లు ఉండేవి, గుర్తుందా? కిరసనాయిలు కూడా మండే నూనే. కానీ పెట్రోల్ కన్నా బరువైంది, త్వరగా ఆవిరి కాదు. మన ప్రమాణాల ప్రకారం పెట్రోల్ మొత్తం 210 డిగ్రీల సెల్సియస్ లోపు ఆవిరైపోవాలి. కిరసనాయిలుకి ఆ హద్దు 300 డిగ్రీలు. పైగా దాని ఆక్టేన్ బాగా తక్కువ. అందుకే కల్తీ పెట్రోల్ పోసిన కారు పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్లోంచి టకటకమని శబ్దం వస్తుంది. ప్లగ్గులు నల్లగా మసిబారతాయి. మండకుండా మిగిలిన కిరసనాయిలు సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, లోపలి భాగాలు అరిగిపోతాయి. ఇదంతా నెలల మీద జరిగే పని. మనం ప్లగ్గు గీకించుకుని, ఇంజన్ పాతబడిందేమోలే అని సర్దుకుపోతాం. ఏ బంకులో ఏ రోజు పోయించుకున్న పెట్రోల్ చేసిన పని అది? ఎవరు చెప్పగలరు?

నష్టం కారు యజమానితో ఆగలేదు. ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ 2005 ప్రాంతంలో చేసిన అధ్యయనంలో రేషన్ కిరసనాయిల్లో సుమారు 38 శాతం పక్కదారి పడుతోందని తేలింది. అంటే లాంతర్లో వెలగాల్సిన నూనె కారు ఇంజన్లో మసైంది. ఒకే కల్తీతో పేదవాడినీ, కారున్నవాడినీ ఇద్దరినీ దోచారన్నమాట.

ఈ డబ్బుకి అడ్డం వెళితే ఏమవుతుంది? మంజునాథ్ షణ్ముగం అనే యువకుడి కథ చూడండి. కర్ణాటకవాడు. మైసూరులో ఇంజనీరింగ్, లక్నో ఐఐఎంలో ఎంబీఏ చదివాడు. ఇండియన్ ఆయిల్లో సేల్స్ ఆఫీసర్‌గా ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో పనిచేసేవాడు. కల్తీ దొరికిన ఒక బంకుని మూయించాడు. అది మళ్ళీ తెరుచుకున్నాక, 2005 నవంబర్ 19న తనిఖీకి వెళ్ళాడు. అక్కడే కాల్చి చంపేశారు. శవం అతని కారులోనే దొరికింది. అప్పటికి అతని వయసు 27. కింది కోర్టు 2007లో ఎనిమిది మందిని దోషులుగా తేల్చింది. ప్రధాన నిందితుడికి పడిన మరణశిక్షని హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2015లో సుప్రీంకోర్టు ఆరుగురి యావజ్జీవ శిక్షలు ఖాయం చేసింది. దీనంతటికీ పదేళ్ళు పట్టింది.

మంజునాథ్ హత్య దేశాన్ని కదిలించింది. ప్రభుత్వం 2006 అక్టోబర్లో కిరసనాయిల్లో కంటికి కనపడని ఒక రసాయనాన్ని కలపడం మొదలుపెట్టింది. దాన్ని మార్కర్ అన్నారు. బంకులో తీసిన శాంపిల్‌కి పరీక్ష ద్రవం కలిపితే, కిరసనాయిలు కలిసిన పెట్రోల్ రంగు మారి దొరికిపోవాలి. ఆలోచన బాగుంది. కానీ నీలం రంగు తీసేసే పద్ధతులు కనిపెట్టినవాళ్ళు దీన్నీ తీసేసే దారి కనుక్కున్నారు. 2008 చివరికల్లా మార్కర్ ఆగిపోయింది.

తర్వాత యశ్వంత్ సోనావణే. మహారాష్ట్రలో మాలేగావ్ అదనపు కలెక్టర్. 2011 జనవరి 25, రిపబ్లిక్ డేకి ముందు రోజు. మన్మాడ్ దగ్గర రోడ్డు పక్కన ట్యాంకర్ల నుంచి నూనె దొంగతనంగా తీస్తుండగా ఆయన చూశారు, ఆగారు, ఫోన్లో వీడియో తీశారు. దుండగులు ఆయన మీద నూనె పోసి నిప్పంటించారు. పట్టపగలు, ఒక అదనపు కలెక్టర్‌ని సజీవంగా తగలబెట్టారు. మహారాష్ట్రలో ప్రభుత్వోద్యోగులు పని ఆపి రోడ్డెక్కారు, దాడులు జరిగాయి, అరెస్టులు జరిగాయి. ధరల తేడా మాత్రం అలాగే ఉంది.

మరి ఆ తేడా ఎప్పుడు పోయింది? నెమ్మదిగా, చప్పుడు లేకుండా పోయింది. ముందు కిరసనాయిలు అవసరం తగ్గాలి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళలకి గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. దేశమంతటికీ 2016లో ఉజ్వల, 2017లో ఇళ్ళకి కరెంటు ఇచ్చే సౌభాగ్య వచ్చాయి. 2016 నుంచి రేషన్ కిరసనాయిలు ధరని పావలా చొప్పున పెంచుకుంటూ పోయారు. 2020 మార్చి నాటికి సబ్సిడీ సున్నా అయింది. కిరోసిన్ రహిత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా చేరింది.

రంగు చేయలేని పని, మార్కర్ చేయలేని పని, చివరికి తుపాకీకి ఎదురెళ్ళిన అధికారి చేయలేని పని, ఆ పావలాలు చేశాయి. చవక కిరసనాయిలే లేకపోతే దొంగకి కలపడానికి ఏముంది?

కల్తీ అంతా పోయిందని కాదు. చవక సాల్వెంట్లు ఇంకా ఉన్నాయి. కానీ ఇవాళ్టి కారుకి నా దృష్టిలో పెద్ద బెడద నీళ్ళు. ఎందుకో చెప్తాను. 2003లో మన దేశంలో తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోల్లో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022కి అది 10 శాతం, 2025కి 20 శాతం అయింది. ఇథనాల్ కలపడం కల్తీ కాదు, చట్టబద్ధమైన మిశ్రమం. అయితే ఇథనాల్‌కి నీళ్ళంటే ఇష్టం. పాత పెట్రోల్లో నీళ్ళు చేరితే అడుగున విడిగా ఉండేవి. ఇప్పుడు కొంతవరకు పెట్రోల్లోనే కలిసిపోతాయి. హద్దు దాటితే మాత్రం ఇథనాల్‌ని కూడా లాక్కుని ఒక్కసారిగా అడుగుకి దిగిపోతాయి. వానాకాలంలో బంకు భూగర్భ ట్యాంకులోకి నీరు దిగితే, ఆ అడుగు పొరే మన కారులోకి రావచ్చు. కిరసనాయిలైతే నెలల మీద తినేది. ఇది నాలుగు కిలోమీటర్లలోనే ఆపేస్తుంది. ఒక రకంగా మనకి అదే మేలు, ఎక్కడ పోయించుకున్నామో గుర్తుంటుంది కదా!

ఇక చేయాల్సిన పని. ఒకటి, పోయించుకున్న వెంటనే బండి మొరాయిస్తే పదే పదే సెల్ఫ్ కొట్టకండి. ఆ నీళ్ళు పంపు దాటి ఇంజెక్టర్ల దాకా వెళతాయి. ఆపేసి, బండిని లాగించుకెళ్ళండి. రెండు, బిల్లు దాచుకోండి. బిల్లు లేకపోతే మీ మాటకి ఆధారం ఉండదు. మూడు, ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు వీడియో తీయండి, శాంపిల్ శుభ్రమైన డబ్బాలో మూతపెట్టి ఉంచండి, మంటకి దూరంగా. మెకానిక్ చేత కారణం జాబ్ కార్డు మీద రాయించండి. నాలుగు, బంకులో ఫిర్యాదు పుస్తకంలో రాసి, ఆయిల్ కంపెనీకీ, పౌర సరఫరాల శాఖకీ ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

అనుమానం ముందే వస్తే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, ఉచితంగా ఇవ్వాలి. ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆవిరైపోవాలి. మరక మిగిలితే అనుమానించాలి. పెట్రోల్‌కి రంగు కలిపి ఉంటే లేత గులాబీ ఛాయ మిగలచ్చు, అది కల్తీ కాదు. సాంద్రత కూడా కొలిచి చూపించమనచ్చు. రికార్డులో ఉన్నదానికీ దీనికీ 3 యూనిట్ల కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. తేలికపాటి సాల్వెంట్లు ఈ రెండు పరీక్షలనీ తప్పించుకోగలవు, దానికి ల్యాబే దిక్కు. అయినా అడగండి. అడిగేవాళ్ళున్నారని తెలిసిన బంకు జాగ్రత్తగా ఉంటుంది.

మంజునాథ్‌కీ, సోనావణేకీ ఈ ప్రశ్న అడగడం ప్రాణాల మీదికి తెచ్చింది. మనకి అయ్యే ఖర్చు రెండు నిమిషాలు, ఒక కాగితం ముక్క. ఈసారి ట్యాంకు నింపించుకునేటప్పుడు ఆ రెండు పేర్లూ ఒక్కసారి తలుచుకోండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.