నౌకావిద్యయు, మన పట్టభద్రులును



ముప్పది యేండ్ల క్రిందట నేనొక తప్పు చేసితిని. మా పాఠశాలలో చదివి, పిమ్మట పట్టణమునకు పోయి గణితమును, భౌతికశాస్త్రమును నేర్చి పట్టము పుచ్చుకొనిన కుఱ్ఱవాడొకడు, వర్తకపుటోడలలో శిక్షణకు చేరెదనని తన తండ్రితో పట్టుబట్టెను. ఆ తండ్రి మా యూరి రైతు. ఏ సందేహము కలిగినను నా యరుగుమీదికి వచ్చి యడుగుట ఆయన వాడుక. “పంతులుగారూ, మావాడు సముద్రం మీదికి పోతానంటున్నాడు. శాస్త్రమేమంటుంది?” అని యడిగెను. నేను తడుముకొనకుండ, బోధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో చేర్చెననియు, కలివర్జ్యములలో నదియు నొకటి యనియు చెప్పితిని. ఆయన మారు పలుకక లేచి వెళ్లెను. కుఱ్ఱవాడు ఊరిలోనే నిలిచిపోయెను. ఈ యేడు ఆతని కుమార్తె మెకానికల్ ఇంజనీరింగులో పట్టభద్రురాలై, తండ్రిని వెంటబెట్టుకొని అదే ప్రశ్నతో నా యరుగెక్కినది. నేటి నా ప్రసంగము ఆనాడు నేను చెప్పవలసియుండిన సమాధానమే.

ముందుగా శాస్త్రము సంగతి. నేను చెప్పినది అబద్ధము కాదు, సగము మాత్రమే. బోధాయనుని మాట నిజమే. కాని యాతడే సముద్రయానము ఉత్తరదేశీయుల యాచారములలో నొకటి యని వ్రాసెను. అనగా ఆ కాలమున ఆర్యావర్తములోనే జనులు సముద్రముమీద పోవుచుండిరని కదా అర్థము. మనువు శ్రాద్ధమునకు పిలువదగనివారిలో సముద్రయాయిని చేర్చెను. ఆ మనువే వడ్డీల ప్రకరణమున, దేశకాలములను సరకుల మర్మమును ఎఱిగి సముద్రయానమునందు కుశలులైనవారు నిర్ణయించిన వడ్డీయే ప్రమాణమని చెప్పెను. నిందించినవానినే న్యాయనిర్ణయమునకు పిలిచినట్లాయెను! కలివర్జ్యనిషేధమైనను ద్విజులనుద్దేశించినది. నన్నడిగినవాడు రైతు. ఆ బిడ్డకు వర్తింపని నిషేధమును ఆ బిడ్డకు తగిలించితిని. పండితుని నోట వచ్చిన మాటను విచారింపక నమ్ముట రైతు తప్పు కాదు.

శాస్త్రము నటుంచి చరిత్రకు వత్తము. శాతవాహనుల నాణెములమీద రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములు వీనిలో ప్రసిద్ధములు. భూమినేలు రాజు నాణెముమీద ఓడను వేయించుట ఊరక జరుగునా? కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము నేటికిని చదువదగినది. పూర్వపు రాజులు గాలివానకు దారి తప్పి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సరకు నంతయు లాగికొనుచుండిరనియు, తాను నియతమైన సుంకము తప్ప మఱేమియు గైకొననని యభయమిచ్చుచున్నాననియు అందు చెప్పించెను. ఓడవానికి సముద్రముకంటె ఒడ్డుననున్న రాజే యెక్కువ భయము కలిగించిన కాలమున ఆ మాట యెంత గొప్పదో తలపోయుడు.

మా గోదావరి ప్రాంతమువారికి కోరంగి పేరు చెప్పనక్కఱలేదు. అక్కడ ఓడలు కట్టిరి, బాగుచేసిరి, బంగాళాఖాతము దాటి రంగూనునకు నడిపిరి. బర్మావారు తెలుగువారినందఱిని కోరంగీలని పిలిచిన పిలుపు ఆ రేవునుండి పుట్టినదే. 1789లోను, 1839లోను ఉప్పెనలు వచ్చి ఆ యూరిని ముంచివేసెను. నదీముఖము పూడిపోయెను. అటుపిమ్మట పొగయోడలు వచ్చెను. కోరంగిని చంపినది ఉప్పెన యొక్కటియే యని మనవారందురు. నాకు తోచినంతవఱకు అది చాలని కారణము. ఉప్పెన తరువాత ఊరు మరల లేవవచ్చును. మన ఓడవాని విద్య తండ్రినుండి కొడుకునకు నోటితో వచ్చినది. చుక్కలను, గాలిని, నీటి రంగును చూచి నడిపినది. పొగయోడను నడుపుటకు పరీక్షయు, ధ్రువపత్రమును కావలసివచ్చెను. ఆ పరీక్ష జరుగు గదిలోనికి మనవానికి ప్రవేశము లేకపోయెను.

అందుచేత నేమి జరిగెను? ఆంగ్లేయుల యోడలలో మనదేశపు మనుష్యులు వేలకొలది పనిచేసిరి. కాని కళాసులుగా, బొగ్గువేయువారుగా, వంటవారుగా పనిచేసిరి. వారిలో పెద్ద సరంగు, వానిక్రింద తండేలు. ఎంత యనుభవము గడించినను సరంగు సరంగే. నిన్న మొన్న బడి వెడలిన తెల్లకుఱ్ఱవాడు వానిపై యధికారి. జీతమా, తెల్లనావికుని జీతములో స్వల్పభాగము. ఓడ మనవాని చెమటతో కదలుచుండెను. ఓడ యెటు పోవలయునో చెప్పు అధికారము మాత్రము మనవానికి లేదు.

ఈ తలుపును తెఱచుటకు పట్టిన కాలమును మన పిల్లలకు చెప్పవలసియున్నది. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లె 1906లో స్వదేశీ నౌకాసంఘమును స్థాపించి, చెఱసాల పాలయ్యెను. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ మొదలగువారు సింధియా కంపెనీని నెలకొల్పిరి. వారి లాయల్టీ యను నోడ ఆ యేడు ఏప్రిల్ 5వ తేదీన బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. ఆ దినమునే 1964నుండి జాతీయ నౌకాదినముగా పాటించుచున్నాము. కాని ఓడ మనదైనంతమాత్రమున నడుపువాడు మనవాడు కాలేదు. 1922లో శాసనసభలో సర్ పి. ఎస్. శివస్వామి అయ్యరు భారతీయ వర్తకనౌకాబలము కావలయునని తీర్మానము తెచ్చెను. దాని ఫలితముగా నొక సంఘము విచారణ జరిపి, మన పిల్లలకు శిక్షణ యోడ యొకటి యుండవలయునని సలహా చెప్పెను. తుదకు 1927 డిసెంబరులో బొంబాయి రేవున ‘డఫరిన్’ అను పాత సైనికపుటోడ పాఠశాలగా మాఱెను. మనదేశపు బాలురు ఓడయధికారులగుటకు క్రమమైన చదువు చదివిన మొదటి బడి అదియే. చదివి వెలువడిన వారిని చేర్చుకొనుటకు విదేశపు కంపెనీలు ముందునకు రాలేదు. సింధియావారు చేర్చుకొనిరి. ఓడలో భోజనపు బల్లయొద్ద నల్లవాడు తమ ప్రక్కను కూర్చుండుట వారికి రుచింపకుండెను కాబోలును.

మన విశాఖపట్టణమునకు ఈ కథలో పెద్దపీట కలదు. 1933 అక్టోబరులో ఆ రేవులోనికి మొట్టమొదట ప్రవేశించిన యోడ సింధియావారి జలదుర్గ. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు అక్కడ ఓడల కార్ఖానాకు శంకుస్థాపన చేసెను. మరుసటి యేడు ఏప్రిల్‌లో జపానువారి బాంబులు పట్టణముమీద పడెను.  1948 మార్చి 14వ తేదీన పండిత జవాహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ను నీటిలోనికి విడిచెను. ఎనిమిదివేల టన్నుల యోడ! కోరంగి కొయ్య యోడలకును ఆ యినుప యోడకును నడుమ మనవారికి గడచిన నూఱేండ్ల ఎడబాటు ఆనాడు తీఱినదని నేననుకొందును. 1952లో ఆ కార్ఖానా హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఆయెను.

ఇంజను విద్యకు 1949లో కలకత్తాలో ప్రత్యేకశాల యేర్పడెను. డఫరిన్ 1972లో తన స్థానమును ‘రాజేంద్ర’ కిచ్చెను. 1993లో నీటిమీది బడి నేలకెక్కి, నవీముంబయిలో ‘చాణక్య’ ఆయెను. 2008లో భారత నౌకావిశ్వవిద్యాలయము చెన్నపట్టణము కేంద్రముగా నెలకొని ఇవన్నియు దానిలో చేరెను. విశాఖపట్టణమున దాని శాఖ యొకటి కలదు. ఓడను నడుపుటకంటె ఓడను రూపకల్పన చేయుట యక్కడి ముఖ్యవిద్య.

ఇక, పట్టము చేతబట్టుకొనిన బిడ్డకు నేడున్న త్రోవలేవి? మెకానికల్ ఇంజనీరింగు చదివినవారు ఒక యేడాది నౌకాయంత్రశిక్షణ పొంది, కొన్ని నెలలు ఓడలో పనిచేసి, ప్రభుత్వపు పరీక్షలో నెగ్గినచో ఇంజనీరుగా చేరవచ్చును. అక్కడినుండి మెట్టు మెట్టుకు పరీక్షయే. తుదిమెట్టు చీఫ్ ఇంజనీరు. విద్యుచ్ఛాస్త్రము చదివినవారికి ఓడలోని విద్యుత్తును, యంత్రములకు కావలసిన సున్నితపు పరికరములను చూచు ఉద్యోగము వేఱుగా కలదు. ఓడను నడుపు వైపునకు పోగోరువారు నౌకాశాస్త్రములో నొక యేడు చదివి, పదునెనిమిది నెలలు సముద్రముమీద గడపి, పరీక్షకు కూర్చుందురు. ఇంటర్మీడియట్ ముగించినవారికిని ఇది వీలగును. భౌతికశాస్త్రము చదివిన పట్టభద్రులును పోవచ్చును. వయఃపరిమితి యున్నది కావున ఆలస్యము చేయరాదు. రంగులను గుర్తింపలేని కన్నులవానికి ఓడ నడుపు పని యీయరు. రాత్రివేళ ఎదుటివచ్చు నోడ యెటు తిరిగినదో ఎఱ్ఱ, పచ్చ దీపములనుబట్టియే తెలియవలయును గదా. ఫీజు కట్టకముందే కన్నులు చూపించుకొనుడు.

సముద్రము పడనివారికి ఒడ్డునను పని కలదు. రేవుల నిర్వాహము, ఓడల పరీక్ష, భీమా, సరకుల రవాణా లెక్కలు, ఓడల నిర్మాణము, ఇవన్నియు చదువుకొన్నవారి పనులే. ఓడ దిట్టమైనదని ధ్రువపఱచు ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ అను సంస్థ 1975లో స్వదేశముననే యేర్పడినది. ఓడలో పదియేండ్లు గడపినవాడు ఈ యొడ్డుపనులకు వచ్చినచో వాని మాటకు విలువ హెచ్చు.

తీపిమాటలే చెప్పి నేను ముగింపను. ఒక్కసారి యోడ యెక్కినవాడు నాలుగు మొదలు తొమ్మిది నెలలవఱకు ఇల్లు చూడడు. తండ్రి కాలము చేసినను వెంటనే రాలేకపోవచ్చును. 2020లో మహమ్మారి దినములలో ఒప్పందము ముగిసినను దిగుటకు దారిలేక వేలకొలది నావికులు ఓడలలోనే చిక్కుకొనిరి. 2023 చివరినుండి ఎఱ్ఱసముద్రమున వర్తకపుటోడలమీద దాడులు జరిగి నావికులు ప్రాణములు కోల్పోయిరి. వీనికంటె మన యూళ్లకు దగ్గఱగానున్న ప్రమాదము వేఱొకటి కలదు, అది దళారి. మా ప్రక్కయూరి కుఱ్ఱవాడొకడు ఓడయుద్యోగమని చెప్పిన యొకనికి పొలము తాకట్టుపెట్టి సొమ్మిచ్చి, విదేశపు రేవున పేరులేని పాతయోడలో జీతము లేక నెలలు గడపి, ఇల్లు చేరెను. ఉద్యోగము చూపుటకు నావికునియొద్ద సొమ్ము పుచ్చుకొనరాదని మనదేశపు నియమము. అంతర్జాతీయపు టొడంబడికయు నదియే. సొమ్మడిగినవాడు ఆ మాటతోనే దొంగ యని తెలిసికొనుడు. శిక్షణశాలకైనను, నావికులను చేర్చు కంపెనీకైనను కేంద్రప్రభుత్వ నౌకాశాఖవారి యనుమతి యున్నదా యని చూడక కాలు కదపరాదు.

ఇవన్నియు విన్నపిమ్మట ఆ తండ్రి, “మగపిల్లవాడైతే సరే. ఆడపిల్లను ఎట్లా పంపేది మాష్టారూ?” అనెను. నేను 2015 జూన్‌లో జరిగిన సంగతి యొకటి చెప్పితిని. మన కాకినాడ ప్రాంతమునుండి వేటకు పోయిన ‘దుర్గమ్మ’ యను పడవ ఇంజను చెడి, లంగరు తెగి, ఒడిషావైపు కొట్టుకొనిపోయెను. అందు ఏడుగురు జాలరులు. ఆహారమును, నీరును పోగా చేపలకై పెట్టుకొనిన మంచుగడ్డలే వారికి దిక్కాయెను. ఇంటివారు ఆశ వదలుకొనిరి. గోపాలపురము తీరమున ‘సంపూర్ణ స్వరాజ్య’ యను నూనెయోడ వారిని చూచెను. పెనుగాలిలో, కొండలవంటి యలలలో ఆ పెద్దయోడను చిన్నపడవ చెంతకు తెచ్చి, తాటినిచ్చెన వేయించి, ఏడుగురిని పైకెక్కించిన కప్తాను రాధికా మేనోన్ అను మళయాళ స్త్రీ. 2016లో అంతర్జాతీయ నౌకాసంస్థవారు సముద్రముమీద చూపిన యసాధారణ ధైర్యమునకు ఆమెను సత్కరించిరి. ఆ బహుమానము స్త్రీకి లభించుట అదియే మొదటిసారి.

రైతు చాలసేపు తలవంచుకొని కూర్చుండెను. ఆతడు రైతే, ముప్పదియేండ్ల క్రిందట సముద్రము మీదికి పోయెదననిన కుఱ్ఱవాడును ఆతడే. పిమ్మట నావైపు చూచి, “అప్పుడు మా నాన్నకు ఇదెందుకు చెప్పలేదు మాష్టారూ?” అనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ యమ్మాయి మాత్రము మా మాటలు వినుచునే, అరుగుమీద పఱచిన తన పరీక్షాపత్రములను వరుసగా పేర్చి సంచిలో పెట్టుకొనుచుండెను.