గాలికొండ మలుపుల్లో హెరాల్డ్

ఆ దుంగ కాస్త లోపలికి నెట్టమ్మా, పొగ కళ్ళల్లోకి వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది. దుప్పట్లు కప్పుకుని ఇటు జరగండి. మీ నాన్న చిన్నప్పుడు మనింట్లో ఒక కారుండేది. ఇవాళ దాని ముచ్చట చెప్తాను.

స్టాండర్డ్ హెరాల్డ్. 1964 మోడలు, రెండు తలుపుల బండి. నేను కొన్నది 1972లో. విశాఖపట్నంలో ఓ ఇంజినీరుగారు ఊరు మారిపోతూ అమ్మేస్తున్నారని తెలిసింది. అప్పట్లో దేశం మొత్తానికి కారంటే మూడే పేర్లు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. కొత్త ఫియట్‌కి పేరు రాయించుకుంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అరకులో కొత్తగా చేరిన డాక్టరు జీతానికి అసలు ఆ ఆశే లేదు. నేను దాచుకున్నదానికి మీ నాయనమ్మ చీటీ డబ్బు కలిపింది. అలా ఇంటికొచ్చింది హెరాల్డ్.

అది ఎంత చక్కని బండో మీకు మాటల్లో చెప్పడం కష్టం. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన మోడలు అది. గీసినాయన మికెలాటి అనే ఇటలీ శిల్పి. శిల్పి అనే అంటాను నేను. 1961 నుంచి మద్రాసు దగ్గర వండలూరులో మనవాళ్ళే తయారుచేశారు. 948 సీసీ ఇంజిను. బానెట్ ఒక్కటే పైకి లేవడం కాదు, రెండు మడ్‌గార్డులు, దీపాలతో సహా ముందు భాగమంతా ముందుకి వాలిపోయేది. ముందు టైరు మీద కూచుని ఇంజిను పని చేసుకోవచ్చు. ఇవాళ్టి కార్లలో చెయ్యి దూరడానికే సందుండదు కదా! మన ఆసుపత్రి ముందు బానెట్ వాల్చానంటే చాలు, సంతకొచ్చిన వాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు. చింతపండు బుట్ట దించి ఒకడు, కొండచీపుర్ల కట్ట దించి ఇంకొకడు. అందరికీ పేరుపేరునా చూపించేవాణ్ణి: ఇది కార్బురేటరు, ఇది డైనమో, ఇది నీళ్ళ పంపు.

దాని అసలు గొప్పతనం మాత్రం ఘాట్ రోడ్డు మీదే తెలిసేది. ఎస్.కోట దాటాక త్యాడ, డముకు, అనంతగిరి, గాలికొండ అని ఎక్కుకుంటూ వస్తారు చూడండి, ఆ దారి అప్పుడింత వెడల్పు లేదు. సముద్రం ఒడ్డు నుంచి బయల్దేరి సుమారు 900 మీటర్ల ఎత్తుకి రావాలి. కొన్ని మలుపుల్లో లారీలు ఒక్కసారిగా తిరగలేక ముందుకీ వెనక్కీ జరుపుకునేవి. హెరాల్డ్ 25 అడుగుల వలయంలో గిర్రున తిరిగేది. లండన్ టాక్సీలకున్నంత చిన్న వలయం! స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు దాదాపు అడ్డంగా తిరిగిపోయేవి. రెండో గేరులో ఇంజిను పాట వింటూ, ఎడమ పక్క లోయ, కుడి పక్క కాఫీ తోట, పైన సిల్వర్ ఓక్ నీడ. నవంబరు, డిసెంబరుల్లో పైకి చేరేసరికి వలిసె పూలతో చేలన్నీ పచ్చగా మెరిసిపోతూ ఉండేవి. వయసులో ఉన్నాను. అంతకు మించిన సంతోషం నాకు తెలియదు, నిజం చెప్తున్నాను.

ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చేదో సరిగ్గా అక్కణ్ణుంచే ఖర్చూ వచ్చేది. ఈ సంగతి జాగ్రత్తగా వినండి.

అప్పటి మిగతా బండ్లకి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉండేవి. హెరాల్డ్‌కి అలా కాదు. ఏ చక్రానికదే విడిగా ఊగుతుంది. మధ్యలో అడ్డంగా ఒకటే కమాన్ పట్టీల కట్ట, రెండు చక్రాలనీ అదే మోస్తుంది. గతుకు తగిలితే ఆ పక్క చక్రం ఒక్కటే లేస్తుంది, ఒంటికి కుదుపు తెలియదు. జాకీ పెట్టి వెనక భాగం ఎత్తితే మాత్రం రెండు చక్రాలూ లోపలికి ముడుచుకునేవి. సుంకరిమెట్ట దగ్గర ఓ ముసలాయన అది చూసి, "డాక్టరు బాబూ, నీ బండి మోకాళ్ళు మడిసి కూకోబోయిన మేకనాగున్నాదేటి?" అన్నాడు. నాకు ఇంజినీరింగు పుస్తకాల కన్నా ఆ ముక్కే బాగా అర్థమైంది.

ఆ ముడుచుకోవడంలోనే ప్రమాదమూ ఉంది. మలుపు మధ్యలో భయపడి బ్రేకు తొక్కారనుకోండి, బండి బరువంతా ముందుకి పోతుంది, వెనక భాగం తేలికై పైకి లేస్తుంది, చక్రం కిందికి ముడుచుకుంటుంది. లోయ పక్కన అలా జరిగితే ఇక చెప్పడానికేమీ ఉండదు. అందుకని వేగం మలుపు రాకముందే తగ్గించుకోవాలి. మలుపులో దిగాక కాలు బ్రేకు జోలికి పోకూడదు, ఇంజిను లాగుడు మీదే బయటికి రావాలి. పైగా మొదటి గేరు వెయ్యాలంటే బండి దాదాపు ఆపాలి, లేదా రెండుసార్లు క్లచ్ తొక్కి ఇంజిను వేగాన్ని కలుపుకోవాలి. మీ నాన్నకి డ్రైవింగు వచ్చింది ఆ బండి మీదే. వాడి పక్కన కూచుంటే మీకు నిద్ర పడుతుందే, అది హెరాల్డ్ పెట్టిన భిక్ష.

బరువెక్కిస్తే ఇంకో తంటా. వెనక సీటులో ముగ్గురు కూచుంటే చక్రాలు కింద బయటికి చాచుకుని, టైర్లు లోపలి అంచున అరిగిపోయేవి. పైకి కొత్తగా కనిపిస్తుంది, వంగి చూస్తే లోపల గుడ్డ తేలి ఉంటుంది. ఇరుసుల కీళ్ళలో ఉండే క్రాసులు అరిగి, బండి కదిలినప్పుడల్లా టక్కుమనేవి. కమాన్ పట్టీలు వానాకాలం గుంటల్లో విరిగేవి. ఆ సామాను ఇక్కడెక్కడ దొరుకుతుంది? మద్రాసు పుదుపేటలో పాత కార్ల సామాన్ల కొట్లుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అక్కడికి ఉత్తరం రాస్తే వాల్తేరు స్టేషనుకి పార్సిలొచ్చేది. విశాఖ స్టేషన్ని అప్పుడు వాల్తేరనే అనేవారు. అది విడిపించుకుని, కిరండూల్ పాసింజరులో పైకి తెచ్చుకోవడం. బైలాడిల్లా ఇనుప రాయిని జపానుకి పంపడానికి వేసిన లైనది. 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను మీదుగా, సొరంగాల్లోంచి, ఆ పట్టాల మీద నా కారు ఎముకలు నా ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాణ్ణి.

విరిగిన పట్టీలు మాత్రం ఒక్కటీ వృథా పోలేదు. కొండ కమ్మర్లు వాటికోసం కాచుకుని ఉండేవాళ్ళు. అంత మంచి ఉక్కు సంతలో దొరకదు కదా. కొలిమిలో కాల్చి సాగగొట్టి గొడ్డళ్ళు, కత్తులు చేసేవాళ్ళు. డబ్బిస్తామంటే నేను వద్దనేవాణ్ణి. మర్నాడు గుమ్మంలో పనసకాయో, చోళ్ళ మూటో ఉండేది.

చక్రం ఊడిన రోజు సంగతా? చెప్తాను, తొందరపడకండి. ముందు చక్రం తిరిగే కీలు దగ్గర కంచు మర ఒకటి ఉంటుంది, ట్రనియన్ అంటారు. దానికి గేరాయిలే పెట్టాలి. గ్రీజు పెడితే మర లోపలిదాకా పోదు. ఎండిపోయి, అందులో తిరిగే ఉక్కు కడ్డీ తుప్పు పట్టి, ఒకరోజు పుటుక్కుమంటుంది. కింద ఒక షెడ్డులో సర్వీసు చేసిన కుర్రాడు అన్ని బండ్లకీ కొట్టినట్టే దీనికీ గ్రీజు కొట్టి పంపించాడు. గాలికొండ దాటాక, వానలో, ఎడమ చక్రం పక్కకి ఒరిగిపోయింది. నెమ్మదిగా వస్తున్నాను కాబట్టి బండి కొండ వైపుకి ఆనుకుని ఆగింది. సంత నుంచి తిరిగెళ్తున్న వాళ్ళు పదిమందీ ఉరికొచ్చారు. అడవిలోంచి దుంగలు తెచ్చి, కింద దూర్చి, డిమ్సా పాటేదో అందుకుని ఆ పాట ఊపుకి ఒక్క పట్టున బండిని రోడ్డు పక్కకి చేర్చారు. అంత వానలోనూ ఒక్కరూ విసుక్కోలేదు. బండి బాగయ్యాక వాళ్ళందరినీ విడతలు విడతలుగా ఎక్కించుకుని చాపరాయి దాకా తిప్పి తీసుకొచ్చాను. అది వాళ్ళడిగిన కోరిక, నాకు మహా ఇష్టమైన పని. అప్పటి నుంచి గేరాయిలు డబ్బా బండిలోనే పెట్టుకున్నాను, ఆ పని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఇక పెట్రోలు. 1973లో అరబ్బు దేశాల యుద్ధమొచ్చి చమురు ధరలు ఆకాశానికెక్కాయి. ఆ నవంబరులో వాజపేయిగారు ఎడ్లబండెక్కి పార్లమెంటుకి వెళ్ళారు, పేపర్లో చూశాం. మీ నాయనమ్మ లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది. పాల ఖాతా కన్నా కారు ఖాతా పెద్దది. అమ్మేద్దామా అని నేనే అడిగాను. "ఆ డుంబ్రిగుడ పిల్ల సంగతి గుర్తులేదా?" అంది తను.

ఆ పిల్లకి తొలి కాన్పు. రెండు కొండల అవతల నుంచి డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అర్ధరాత్రి, మంచు. కబురందగానే హెరాల్డ్ తీశాను. ముందు సీటు మడిచి, వెనక పరుపు వేసి, వాళ్ళమ్మని పక్కన కూచోబెట్టి తీసుకొచ్చాను. గతుకుల్లో ఆ పిల్లకి కుదుపు తగలకూడదు, అదే నా భయం. ఏ చక్రానికదే లేచే ఆ అమరిక ఆ రాత్రి ఆమెని కాపాడింది. ఆ బిడ్డ బతికాడు. ఇన్నేళ్ళు గడిచినా లోపలి ఊళ్ళ నుంచి డోలీ మోతలు ఇంకా ఆగలేదని విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. కారు ఖర్చు గురించి మా ఇద్దరి మధ్యా మళ్ళీ మాట రాలేదు.

స్టాండర్డ్ కంపెనీవాళ్ళు తర్వాత గజెల్ అని ఇంకో బండి తెచ్చారు. దానికి వెనక మామూలు ఇరుసే పెట్టారు, మన మెకానిక్కులకి తెలిసిన పద్ధతిలో. 1977 తర్వాత అదీ ఆగిపోయింది. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. హెరాల్డ్ సామాను పుదుపేటలో కూడా అరుదైపోయింది. కంచు బుష్షులు లేత్ మిషను మీద కోయించుకునే రోజులొచ్చాయి. అప్పటికి మీ నాన్న కాలేజీ, మీ అత్త పెళ్ళి. ఇక నా వల్ల కాలేదు.

కొంటామని చాలామంది వచ్చారు. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర మాస్టారికి తాళాలిచ్చి, గాలికొండ దాకా నువ్వే నడుపు అన్నాను. మొదటి పెద్ద మలుపు దగ్గర అతను ముందే వేగం తగ్గించి, మలుపులో కాలు కదపకుండా బయటికొచ్చాడు. అక్కడే బండి ఆపించి బేరం ఖాయం చేశాను. అతను చెప్పిన ధరకే. నా దగ్గరున్న క్రాసులు, కొత్త పట్టీలు, గేరాయిలు డబ్బా అన్నీ డిక్కీలో సర్ది, ట్రనియన్‌కి ఏం పెట్టాలో అతని చేతే కాగితం మీద రాయించాను. చాన్నాళ్ళు అతని దగ్గర నుంచి కార్డులొచ్చేవి: మాస్టర్ సిలిండరు రబ్బర్లు ఎక్కడ దొరుకుతాయి, తలుపు అద్దం దిగడం లేదు ఏం చెయ్యాలి అని. ఏ కార్డుకీ జవాబు రాయకుండా ఉండలేదు నేను.