బుఖార్ అని రాసేశారు

పోయిన వానాకాలం ఒక్క సూది కోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా తిరిగాను. నాకు కాదు, రెండేళ్ల మా మున్నీకి. అంతకు ముందటేడు ఇదే మౌసమ్‌లో దానికి ఫ్లూ వచ్చి, ఊపిరి అందక, నాలుగు రాత్రులు దవాఖానాలో ఉన్నాం. ఆ నాలుగు రాత్రులూ అమ్మీ జానమాజ్ మీదే కూర్చుంది. అల్లాహ్ దయ, పిల్ల తేరుకుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ సాబ్ చీటీ మీద రాసిచ్చారు: ఏటా వానలకు ముందే ఫ్లూ టీకా వేయించాలి, మొదటిసారి కాబట్టి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు.

రాసినంత ఆసాన్ కాదు వేయించడం. టీకాలు వేసేది బుధ, శనివారాలు కదా, బుధవారం పొద్దున్నే సర్కారీ ఆరోగ్య కేంద్రానికి పోయాం. సిస్టరమ్మ మంచి మనిషి. పాప కార్డు తిరగేసి చూసి, "అన్నీ టైముకే వేయించిన్రు భాయ్. ఇది మాత్రం మా లిస్టుల లేదు" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పిల్లల క్లినిక్‌లో స్టాకు ఖతమ్. పక్క మెడికల్ షాపులో ఒకటి ఉంది గాని దాని తారీఖు నెలాఖరుకే తీరిపోతుంది. చైతన్యపురిలో రేపు రమ్మన్నారు. కొత్తపేటలో ఆర్డర్ పెడతాం, ముందు పైసలు కట్టమన్నారు. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక ఒక షాపులో దొరికింది, దాదాపు రెండు వేలు. వాళ్లు అమ్ముతారు, సూది వేయరు. సూది వేసే డాక్టరేమో బయట కొన్నది వేయనన్నాడు. చివరికి వేస్తానన్న ఇంకో క్లినిక్‌కు ఐసు పెట్టిన డబ్బా ఒక చేత్తో, నిద్రపోయిన పిల్ల ఇంకో చేత్తో పట్టుకుని ఆటో ఎక్కాను.

దారిలో విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా మహల్ కోసం మొదలుపెట్టిన కట్టడం అక్కడ యతీంఖానాగా మారింది. ఆ స్టేషన్‌కు పేరు దాని నుంచే వచ్చింది. అమ్మాఅబ్బాలు లేని పిల్లల ఇంటి ముందు, ఒళ్లో పిల్లతో కూర్చుంటే ఒక సవాల్ మనసులో పడింది. మనిషిని ఇన్నిసార్లు ఏడిపించిన ఈ బీమారీ సూది సర్కారీ లిస్టులో ఎందుకు లేదు? జవాబు కోసం నూరేళ్లు వెనక్కి పోవాల్సి వచ్చింది.

1918 జూన్‌లో బొంబాయి రేవులో ఫ్లూ దిగింది. మొదటి లహర్ కొంత తేలిగ్గానే పోయింది. సెప్టెంబర్ నుంచి వచ్చిన రెండోది ఖయామత్‌లాగే వచ్చింది. ఆ ఏడు వానలు కూడా ఎగ్గొట్టాయి. తిండికి కరువు, ఒంట్లో తాఖత్ లేదు. హిందుస్తాన్ మొత్తం మీద కోటికి పైగా పోయారు. కొందరి లెక్క రెండు కోట్ల దాకా పోతుంది. మన నిజాం రియాసత్ మర్దుంషుమారీ చూడండి. 1911లో జనాభా 1 కోటి 33 లక్షలు దాటింది. 1921లో 1 కోటి 24 లక్షలు. పదేళ్లలో పెరగాల్సింది పోయి దాదాపు 9 లక్షలు తగ్గింది. ప్లేగూ కరువూ అందులో ఉన్నాయి, ఫ్లూ అన్నిటికన్నా పెద్దది. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది కూడా ఆ 1918లోనే. ఆ సంగతి అందరికీ యాదిలో ఉంది. ఫ్లూ మాత్రం ఎవరికీ యాదిలో లేదు.

ఎందుకంటే దాన్ని రాసుకోలేదు. ఆ జమానాలో ఊళ్లలో చావులు రాయించింది డాక్టర్లు కాదు. ఎక్కువగా కావలికాళ్లు, పటేళ్లు. రిజిస్టర్లో కలరాకు ఒక ఖానా, మశూచికి ఒక ఖానా, ప్లేగుకు ఒక ఖానా. ఫ్లూకు వేరే ఖానా లేదు. పోయినవాళ్లలో ఎక్కువమందిని "జ్వరాలు" అనే ఖానాలో వేసేశారు. మన మాటలో చెప్పాలంటే, బుఖార్ అని రాసేశారు.

ఖానా ఉన్న బీమారీకి సర్కార్ ఫికర్ చేసింది. మశూచికి టీకా ముందే ఉంది. హాఫ్‌కిన్ కలరాకు, తర్వాత 1897లో బొంబాయిలో ప్లేగుకు టీకాలు తయారుచేశాడు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే 1918లో ఫ్లూకు టీకా చేయడం ఎవరి వల్లా కాదు. దాని వైరస్ దొరికిందే 1933లో, లండన్‌లో. కోడిగుడ్లలో పెంచిన టీకా అమెరికాలో మామూలు జనానికి 1945లో వచ్చింది. కానీ టీకా వచ్చాక కూడా మన దగ్గర అది బుఖారే. మన షహర్లో అంటురోగాల పెద్ద దవాఖానా నల్లకుంటలో ఉంది. క్వారంటైన్ అనే మాట జనం నోట్లో అరిగి దాన్ని కోరంటి దవాఖానా అన్నారు. ఇప్పటికీ చాలామందికి తెలిసిన పేరు ఫీవర్ హాస్పిటల్.

2009 మేలో స్వైన్ ఫ్లూ దేశంలో మొదట బయటపడింది మన హైదరాబాద్‌లోనే, న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక మనిషిలో. "మనం ఖింజీర్ ముట్టం కదా, మనకెందుకు వస్తుంది" అని మా ఖాన్‌దాన్‌లో ఒక పెద్దాయన అన్నారు. అది మనిషి దగ్గు నుంచి మనిషికి వస్తుందని నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది. 2010లో టీకాలొచ్చాయి, అందులో ఒకటి మన షహర్ భారత్ బయోటెక్‌దే. 2015 జనవరిలో ఫ్లూ మళ్లీ విజృంభించినప్పుడు తెలంగాణ ఆరోగ్య మంత్రి కుర్సీయే పోయింది. ఇంత జరిగినా పిల్లల ఉచిత టీకాల లిస్టులోకి ఫ్లూ రాలేదు. పిల్లల డాక్టర్ల సంఘం, ఐఏపీ, ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల పిల్లలకు ఏటా వేయించమంటోంది. ఆ మాట మంచి ఫీజు తీసుకునే క్లినిక్ గోడ దాటి బస్తీకి రావడం లేదు.

షాపుల్లో ఎందుకు దొరకదో కూడా అర్థమైంది. వైరస్ వేషం మారుస్తుంది, కాబట్టి ఏటా కొత్త టీకా చేయాలి. మిగిలింది మరుసటేడు పనికిరాదు. అందుకని దుకాణందార్ తక్కువ తెప్పిస్తాడు. అమ్మానాన్నలు అడగరు, ఎవరూ చెప్పలేదు కాబట్టి. వానలు పడి పక్కింట్లో దగ్గు మొదలయ్యాక అందరం ఒక్కసారే ఉరుకుతాం.

మన కౌమ్ టీకాలంటే పారిపోతుందని తానా ఉంది కదా. కొన్నిచోట్ల అది నిజమే, దాచను. కానీ ఇక్కడ ఇన్‌కార్ చేసింది మేం కాదు. ఒక మాట చెప్తాను. మా అమ్మీ హజ్‌కు పోయేముందు ఆమెకు ఫ్లూ సూది పైసా లేకుండా వేశారు. 65 దాటిన హాజీలకు సర్కారే వేయిస్తుంది. మంచి పని. దాదీకి ఇవ్వగలిగిన సూది పోతీకి ఎందుకు ఇవ్వలేరు? ఇది ఖైరాత్ కాదు, పిల్లల హక్.

కాని పని కూడా కాదు. హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు బయటి దేశాల నుంచి వచ్చే పైసలున్నోళ్ల సూది. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ దాన్ని ఇక్కడే చేసి చవక చేసింది. 2011 కల్లా అది దేశమంతటా సర్కారీ లిస్టులోకి వచ్చింది. ఇప్పుడు ప్రసూతి దవాఖానాలో పుట్టిన బిడ్డకు పుట్టిన రోజే వేస్తున్నారు. విరేచనాల రోటావైరస్ చుక్కలకూ 2016లో ఆ దారి దొరికింది. లెక్క రాశారు, అడిగారు, వచ్చింది.

అందుకే మీకు రెండు మాటలు. చిన్నపిల్లలుంటే ఎండాకాలంలోనే మీ డాక్టర్‌ను ఫ్లూ టీకా గురించి అడిగిపెట్టుకోండి. పిల్లకు జ్వరమొచ్చి దవాఖానాలో చేరితే అది ఏ జ్వరమో అడగండి, కాగితం మీద పేరు రాయించండి.

నాలుగు వారాలకు రెండో డోసు కోసం మళ్లీ తిరిగాను. మూడో షాపులో దొరికింది. మున్నీ ఏడ్చింది, తర్వాత నా జేబులోంచి బిస్కెట్ లాక్కుంది. దాని కార్డులో ఫ్లూకు ఖానా లేదు. అట్ట వెనక ఖాళీ జాగాలో డాక్టర్‌తో తారీఖు వేయించి, పక్కన పూర్తి పేరు రాయించాను: ఇన్‌ఫ్లుయెంజా.